పట్టేసే వీధి తలుపు, చెదపట్టిన ద్వారబంధం: కాకినాడలోని ఒక పాత ఇంట్లో వడ్రంగి పని, మొదటి నుంచి చివరి దాకా

ఇల్లు, ఫిర్యాదు

కాకినాడలో 1986లో కట్టిన రెండంతస్తుల డాబా ఇల్లు అది. యజమానురాలు 74 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయిని. కింది భాగంలో ఆవిడ ఒక్కరే ఉంటారు, కొడుకు అమెరికాలోని డాలస్‌లో స్థిరపడ్డారు. 2023 అక్టోబరులో ఆయన నాకు ఫోన్ చేసి, ఇంటీరియర్ పనులు చేసే ఒక సంస్థ ఇచ్చిన 4,60,000 రూపాయల అంచనా కాగితం పంపి, అది సబబుగా ఉందో లేదో చూసి చెప్పమన్నారు. వీధి తలుపు, స్నానాల గది ద్వారబంధం, తూర్పు వైపు మూడు కిటికీల రెక్కలు, వంటింటి అలమరలు అన్నీ ఊడదీసి కొత్తవి బిగించాలన్నది దాని సారాంశం. వాటిలో ఏది ఎందువల్ల పాడైందో చెప్పే వాక్యం ఆ కాగితంలో ఒక్కటీ లేదు.

పాత ఇళ్ల మరమ్మతులను దగ్గరుండి చేయించడం నా వృత్తి. చదివింది సివిల్ ఇంజనీరింగే అయినా, గోదావరి జిల్లాల ఇళ్లలో నాకు ఎక్కువగా ఎదురయ్యేవి కర్ర సమస్యలే. ఉప్పుగాలి, నెలల తరబడి తేమ, నేలలో చెదలు, ఈ మూడూ ఉన్న చోట తలుపు ఎందుకు పట్టేస్తోందో తెలుసుకోకుండా దాన్ని మార్చేస్తే కొత్త తలుపుకూ అదే గతి పడుతుంది. అందువల్ల అంచనా మీద అభిప్రాయం చెప్పే ముందు ఇల్లు చూస్తానని చెప్పి వెళ్లాను.

ఆవిడ చెప్పిన విషయం సూటిగా ఉంది. వీధి తలుపు వానాకాలంలో పట్టేస్తుంది, వేసవిలో గడియ సరిగా పడదు. అంతకు ముందు వారం లోపలి నుంచి ఎంత లాగినా రాకపోతే, కిటికీలోంచి పక్కింటి వారిని కేకేసి బయటి నుంచి నెట్టించుకున్నారు. ఒంటరిగా ఉండే పెద్ద వయసు మనిషికి ఇది చిన్న ఇబ్బంది కాదు. అయినా ఆవిడ నాతో అన్న మొదటి మాట, ‘తలుపు మార్చడం మాత్రం నాకు ఇష్టం లేదండీ. మావారు రాజమండ్రి వెళ్లి, దగ్గరుండి దుంగ కోయించి తెచ్చిన కర్ర అది’ అని.

చూసినప్పుడు తేలినవి ఇవి. వీధి తలుపు మంచి చేవ ఉన్న టేకు, ఎక్కడా చెద గాని కుళ్లు గాని లేదు. తేమ కొలిచే మీటరు సూదులు గుచ్చితే 19 శాతం చూపించింది. స్నానాల గది ద్వారబంధం మద్ది కర్ర, ఎడమ కాలు నేల నుంచి పద్నాలుగు అంగుళాల ఎత్తు వరకు బోలుగా మారింది, వెనుక గోడ మీద చెదల మట్టి బాటలు స్పష్టంగా ఉన్నాయి. వంటింట్లో తొమ్మిదేళ్ల కిందట పెట్టించిన పార్టికల్ బోర్డు అలమరలో సింకు కింది భాగం మాత్రమే తడికి ఉబ్బి పొడిగా రాలుతోంది, మిగతా అలమరలన్నీ గట్టిగా ఉన్నాయి. కిటికీ రెక్కల్లో కింది అడ్డపట్టీలు మాత్రమే పోయాయి. నాలుగు చోట్లా మూలం నీరే. నాలుగు చోట్లా పాడైన కర్ర, బాగున్న కర్రతో పోలిస్తే చాలా కొద్ది.

మేస్త్రిని ఎంచుకోవడం

కొత్త పని చేసే వడ్రంగి వేరు, మరమ్మతు చేసే వడ్రంగి వేరు. ఇద్దరూ నిపుణులే, కాని కొత్త పనికి చెయ్యి ముఖ్యం, మరమ్మతుకు ముందు కన్ను ముఖ్యం. అందుకే నేను మేస్త్రులను పిలిచేటప్పుడు రేటు అడగను. ఇల్లు చూడటానికి వచ్చినందుకు 400 రూపాయలు ఇచ్చి, ఏమి గమనించారో చెప్పమంటాను. ఉచితంగా వచ్చి చూసి వెళ్లే మనిషి ఆ పూట కూలి నష్టాన్ని ఎక్కడో ఒకచోట రాబట్టుకోక తప్పదు, పైగా పని దొరకాలంటే పెద్దది చేసి చెప్పక తప్పదు. ఈ 400 రూపాయలు ఖర్చని నేను ఎన్నడూ అనుకోలేదు.

ముగ్గురిని పిలిచాను. మొదటి వారు యువకులు, ఐదుగురు మనుషులున్న బృందం నడుపుతారు. టేపుతో కొలతలు తీసుకుని పది నిమిషాల్లో చదరపు అడుగు లెక్కన ధర చెప్పారు. వారి అలమరల పని నాకు తెలుసు, చాలా శుభ్రంగా ఉంటుంది, కాని ఈ ఇంటికి అది కాదు కావలసింది. రెండో వారు తలుపు ఒకసారి లాగి చూసి, అంచు చిత్రిక పడితే పావుగంటలో సరిపోతుందన్నారు. ఆ అంచుకు అప్పటికే రెండుసార్లు చిత్రిక పట్టి ఉన్నారు. వేసవిలో గడియ పడకపోవడానికి కారణం అదే.

మూడో మేస్త్రికి అరవై ఏళ్లు దాటాయి. జగన్నాథపురం వైపు నుంచి సైకిలు మీద, పనిముట్లు గోనెసంచిలో పెట్టుకుని, మేనల్లుడిని వెంటబెట్టుకుని వచ్చారు. తలుపును చాలా నెమ్మదిగా తెరిచి, మూసి, మళ్లీ సగం తెరిచి, పిడి దగ్గర రెండు చేతులతో పట్టి పైకి ఎత్తారు. పై బందు దగ్గర రెక్క కొద్దిగా కదిలింది. తరువాత స్టూలు అడిగి ఎక్కి, తలుపు నెత్తి మీద అరచేతిని ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపి, మురికి అంటిన చేతిని నాకు చూపించి, నన్నూ ఎక్కి చూడమన్నారు. ముందువైపు అద్దంలా మెరిసే తలుపుకు పై అంచున పాలిష్ చుక్క కూడా లేదు, గరుకుగా, బూడిద రంగు తిరిగిన పచ్చి కర్ర. ‘కర్రకు దోషం లేదు బాబుగారూ. దీని నెత్తికీ కాళ్లకీ రంగు పడలేదు. కట్టినకాడి నుంచి నీళ్లు తాగుతా ఉందండి’ అన్నారు.

నేను మీటరుతో 19 శాతం తేమ చూశాను గాని, అది ఎటు నుంచి చేరుతోందో స్టూలు ఎక్కి చూడలేదు. కర్ర నిలువునా దాదాపు పెరగదు, అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కోసిన కొసల దగ్గర కర్రలోని సన్నని గొట్టాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి గనుక తేమను అన్నిటికంటే వేగంగా పీల్చేది అక్కడే. తలుపు నిలువు కమ్మీల కొసలు పైన, కింద ఉంటాయి, ఎవరి కంటికీ కనబడవు, పాలిష్ చేసేవారు అందుకే వదిలేస్తారు. నేను చూసిన పట్టేసే తలుపుల్లో సగానికి పైగా ఇదే లోపం.

ఆయన తరువాత ద్వారబంధం దగ్గర కూర్చుని, ఉలి పిడితో కింద నుంచి పైకి తట్టుకుంటూ వెళ్లి, శబ్దం మారిన చోట బొగ్గుతో గీత గీశారు. నా లెక్కకు పద్నాలుగు అంగుళాలు, ఆయన గీత పదహారు దగ్గర పడింది. కోసినప్పుడు ఆయన గీతే నిజమైంది.

పని కాగితం

ఆయనతో మాట్లాడి, తెలుగులో రెండు పేజీల కాగితం రాసుకున్నాం. ప్రతి పనికీ ఏమి చేయాలో రాసినట్టే ఏమి చేయకూడదో కూడా రాశాం. ఉదాహరణకు, ‘వీధి తలుపు అంచుకు చిత్రిక పట్టరాదు, బందులు సరిచేసిన తరువాత కూడా రాసుకుంటే ఇంజనీరుకు చూపించి, ఆ చోట మాత్రమే పట్టవలెను.’ పాత ఇత్తడి గొళ్లేలు, బందులు ఇంటివారివేననీ, కోతలో మిగిలిన ముక్కలు ఇంటిలోనే ఉంచాలనీ, సాయంత్రం పొట్టు ఊడ్చి వెళ్లాలనీ కూడా రాశాం. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గాని, నేను తీర్చిన తగాదాల్లో ఎక్కువ వీటి మీదే వచ్చాయి.

కూలి విషయంలో నా అభిప్రాయం గట్టిది. కొత్త అలమరకు గుత్త ఇవ్వవచ్చు, ఎందుకంటే ఎంత పని ఉందో ముందే తెలుస్తుంది. మరమ్మతుకు గుత్త ఇవ్వకూడదు. విప్పే వరకు లోపల ఏముందో ఎవరికీ తెలియదు, విప్పిన తరువాత చెద ఇంకో అడుగు పైకి పాకి ఉందని తేలితే, గుత్త తీసుకున్న మనిషి ముందు రెండే దారులు ఉంటాయి: తన జేబులోంచి నష్టపోవడం, లేదా లప్పం పెట్టి కప్పేయడం. మంచి మనిషిని ఆ ఇరకాటంలోకి నెట్టడం మన తప్పు. కనుక రోజు కూలి మాట్లాడుకున్నాం: మేస్త్రికి 1,100, మేనల్లుడికి 700. పని సాగదీస్తారన్న భయం డాలస్‌లో ఉన్న కొడుక్కి ఉండటం సహజమే. అందుకు గరిష్ఠంగా 14 రోజులని హద్దు పెట్టి, ప్రతి సాయంత్రం ఆ రోజు పని ఫొటోలు ఆయనకు పంపే ఏర్పాటు చేశాను.

5,000 రూపాయలు అడ్వాన్సు, ప్రతి శనివారం లెక్క, చివరి 3,000 మాత్రం వచ్చే వానాకాలం గడిచాక. మేస్త్రి ఈ చివరి షరతుకు వెంటనే ఒప్పుకున్నారు. సామాను ఇంటివారే బిల్లు మీద కొనాలి, ఎంపికకు మేస్త్రి వెంట రావాలి, ఆ రోజుకు కూడా కూలి ఇవ్వాలి. కొన్ని దుకాణాలు వడ్రంగులకు కమీషన్ ఇస్తాయన్నది తెలిసిందే. ఆ పూట కూలి మనమే గౌరవంగా ఇస్తే, మంచి సరుకు ఏరడం తప్ప ఆయనకు అక్కడ వేరే పని ఉండదు.

వరుస కూడా కాగితంలోనే ఉంది: ముందు ప్లంబరు, తరువాత చెదల మందు, ఆ తరువాతే కర్ర. నవంబరులో సింకు గొట్టం జాయింటు, స్నానాల గది గడప దగ్గరి పగులు బాగు చేయించాం. చెద పట్టిన గోడ మొదట్లోనూ, ద్వారబంధం మంచి భాగంలోనూ సన్నని రంధ్రాలు కిందికి వాలుగా వేసి మందు ఎక్కించారు. డిసెంబరు మొదట్లో కర్ర పని పెట్టుకుందామనుకున్నాం, కాని డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫాను వానలు గోదావరి జిల్లాలను ముంచెత్తాయి. తడిసిన కర్రను తడిసిన వాతావరణంలో కొలిచి కోస్తే వేసవిలో సందులు పడతాయి. సంక్రాంతికి ముందే పూర్తి చేయాలని కొడుకు కోరారు, నేను ఒప్పుకోలేదు. జనవరి 22న మొదలుపెట్టినప్పుడు తలుపులో తేమ 14 శాతానికి దిగింది.

పదమూడు రోజులు

నా ప్రణాళికలో వీధి తలుపుకు వరుసగా రెండు రోజులు రాశాను. మేస్త్రి దాన్ని మొదటి రోజే మార్చారు. బందుల మరలు పట్టు వదిలిన రంధ్రాల్లో టేకు గూటాలు జిగురుతో దిగ్గొట్టి, రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు వాటిలో కొత్త మరలు బిగించాలి. మూడు బందులూ ఒకేసారి విప్పితే ఆ రాత్రి ఇంటికి తలుపు ఉండదు. ‘అమ్మగారు ఒక్కరే ఉంటారు కదండీ. రోజుకో బందు విప్పుదాం, తలుపు నిలబడే ఉంటది’ అన్నారు. రెక్క కింద ఆనుకు చెక్క చీలికలు బిగించి, మూడు రోజుల పాటు రోజుకొక బందు చొప్పున, మధ్యలో మిగతా పనులు చేసుకుంటూ పోయారు. గుత్త పనిలో ఈ ఆలోచనకు చోటు ఉండేది కాదు.

గూటాలు చేయడం కొద్దిసేపు కూర్చుని చూశాను. పాత టేకు ముక్కను ఉలితో నిలువునా చీల్చి, పుల్లల్లా చేసి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య తిప్పుతూ, కొస సన్నగా, మొదలు కాస్త లావుగా చెక్కారు. రంధ్రంలో పెట్టి బొటనవేలితో నొక్కితే మూడొంతులు దూరి ఆగాలి, మిగతాది సుత్తి దెబ్బతో వెళ్లాలి. ముందే వదులుగా దూరిన వాటిని పక్కన పడేశారు. పాత ఇనుప మరలు ముప్పావు అంగుళానివి, ఉప్పుగాలికి తుప్పు పట్టి తలలు ఊడి వచ్చాయి. వాటి బదులు రెండు అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వేశాం. మూడో బందు బిగిసేసరికి రెక్క దిగిన మేర పైకి లేచి, పై మూల రాపిడి చిత్రిక ముట్టకుండానే పోయింది.

ఇక అంతకు ముందు అరగదీసిన అంచు మిగిలింది. అక్కడ 6 మిల్లీమీటర్ల మందం, ఏడడుగుల పొడవు టేకు పట్టీని జిగురుతో అతికించి, తలుపు చుట్టూ తాళ్లు చుట్టి, తాళ్ల కింద చీలికలు కొట్టి బిగించారు. మరునాడు తాళ్లు విప్పి, రెండు రూపాయి నాణేలు కలిపి దూరేంత సందు, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, పై నుంచి కింది దాకా సమంగా వచ్చేవరకు కొత్త పట్టీని మాత్రమే చిత్రిక పట్టారు. అన్నిటికంటే చివర, అన్నిటికంటే ముఖ్యమైన పనిగా, నెత్తి అంచుకు రెండు పూతలు, తలుపును ఒక పూట దించి అడుగు అంచుకు రెండు పూతలు వేశారు.

ద్వారబంధం కాలుకు కర్ర కోసం పాత ఇళ్ల కలప అమ్మే అడితికి వెళ్లాం. ఇక్కడి పెద్దలు ఇప్పటికీ రంగూన్ టేకు అని పిలిచే బర్మా కర్ర, కూల్చిన ఇళ్ల దూలాలుగా దొరుకుతుంది. దశాబ్దాల పాటు ఆరిన కర్ర గనుక కొత్తగా వంకర తిరిగే ప్రమాదం తక్కువ. కాని మేకుల రంధ్రాలు చూసుకోవాలి, అంచున తెల్లచెక్క, అంటే చేవ లేని పై పొర, ఉన్న ముక్కను తీసుకోకూడదు, చెదలు ముందు వచ్చేది ఆ తెల్లచెక్కకే. ఘనపు అడుగు లెక్క ఇంటివారికి తెలిసి ఉండటం మంచిది: అంగుళాల్లో వెడల్పును అంగుళాల్లో మందంతో, అడుగుల్లో పొడవుతో గుణించి 144తో భాగిస్తే చాలు. ఐదు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందం, రెండు అడుగుల పొడవు ముక్క 0.21 ఘనపు అడుగులు అవుతుంది. మాకు మొత్తం అవసరం 0.85, కోత నష్టం కలుపుకుని 1.25 కొన్నాం.

పాత కాలును బొగ్గు గీతకు రెండు అంగుళాలు పైన, నీరు స్నానాల గది వైపు జారిపోయేలా ఏటవాలుగా కోసి, కొత్త ముక్కను అదే వాలుకు చెక్కి, జిగురు పెట్టి, కనబడని వైపు నుంచి మరలు వేశారు. కొత్త కాలు నేలను తాకదు, కింద అర అంగుళం గ్రానైటు ముక్క ఉంది. ముప్పై ఏడేళ్ల పాటు ఆ కర్ర తడి నేల మీదే నిలబడింది. ఈ అర అంగుళం రాయి ఆనాడే పెట్టి ఉంటే మద్ది కర్ర ఇంకా చాలా కాలం నిలిచేది.

వంటింట్లో సింకు కింది అలమర ఒక్కటే తీసి, మెరైన్ ప్లైవుడ్‌తో కట్టించాం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్లైవుడ్ పలక మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉంటే సరిపోదు, మెరైన్ ప్లైవుడ్ ప్రమాణానికి గుర్తయిన ఐఎస్ 710 అన్న సంఖ్య, ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి కంపెనీ పేరుతో సరిపోలుతోందో దుకాణంలోనే చూసుకోవచ్చు. కోసిన అంచులన్నిటికీ పూత వేసి, అలమరను నాలుగు అంగుళాల పీవీసీ కాళ్ల మీద నిలబెట్టాం. కిటికీ రెక్కల ఆరు అడ్డపట్టీలు మార్చడం మామూలు పనే, రెండున్నర రోజుల్లో అయింది.

లెక్క

మేస్త్రి 13 రోజులకు 14,300, మేనల్లుడు 10 రోజులకు 7,000. టేకు 1.25 ఘనపు అడుగులకు 4,800 చొప్పున 6,000. మెరైన్ ప్లైవుడ్ రెండు పలకలకు 8,800, లామినేటుకు 2,800. బందులు, మరలు, పిడులు 6,200. జిగురు, ప్రైమరు, పాలిష్ సామాను 4,900. చెదల మందు పని 4,500, ప్లంబరు 2,300. మొత్తం 56,800 రూపాయలు, నా రుసుము కాక. 4,60,000తో దీన్ని నేరుగా పోల్చడం న్యాయం కాదు, ఆ సంస్థ ఇవ్వజూపింది మొత్తం కొత్త వంటిల్లు. కాని ఆ ఇంటికి ఆ రోజున కొత్త వంటిల్లు అవసరం లేదు, తెరుచుకునే తలుపు అవసరం.

తరువాతి వానాకాలం

2024 ఆగస్టులో ఒకసారి, నవంబరులో ఒకసారి వెళ్లి చూశాను. ఆగస్టులో వీధి తలుపు తేమ 15 శాతం, పక్క సందు 2 మిల్లీమీటర్లకు తగ్గింది గాని ఎక్కడా రాసుకోలేదు. ఆవిడ ఒక చేత్తో కాఫీ గ్లాసు పట్టుకునే రెండో చేత్తో గడియ తీసి నన్ను లోపలికి రమ్మన్నారు. ద్వారబంధం అతుకు గట్టిగా ఉంది, కొత్త మట్టి బాటలు లేవు. అలమర అడుగు పొడిగా ఉంది.

నవంబరులో ఒక లోపం బయటపడింది. తూర్పు కిటికీల్లో మధ్యదాని కింది అతుకు తాటాకు మందాన విచ్చుకుంది. కారణం వెతికితే, పైన ఉన్న సన్‌షేడ్ పగులు నుంచి నీరు సరిగ్గా ఆ మూల మీదే పడుతోంది. జనవరిలో వాన లేదు గనుక నేను గమనించలేకపోయాను. నీరు ముందు, కర్ర తరువాత అన్న వరుసను కాగితంలో నేనే రాసి, కిటికీల దగ్గర మాత్రం తప్పాను. మేస్త్రికి కబురు చేస్తే మరునాడే వచ్చి, అతుకు విప్పి, శుభ్రం చేసి మళ్లీ బిగించారు. అది ఆయన తప్పు కాదు కనుక ఆ పూట కూలి విడిగా ఇచ్చి, ఆపి ఉంచిన 3,000 రూపాయలు అదే రోజు చెల్లించాం. సన్‌షేడ్‌కు తాపీ మేస్త్రిని పెట్టి పగులు మూయించాం.

వెళ్లే ముందు మేస్త్రి పై అంతస్తుకు ఎక్కి, అక్కడి ఐదు తలుపుల నెత్తుల మీదా చెయ్యి జరిపి వచ్చారు. ఐదింటికీ పాలిష్ లేదు. 2025 ఫిబ్రవరిలో, కర్ర పూర్తిగా ఆరిన తరువాత, ఒక రోజు కూలికి ఆ పది అంచులకూ పూత వేయడానికి ఆయన, మేనల్లుడు రావాలని అనుకున్నాం.